మూలగదిలో అగరొత్తులు

మా పెద్దమ్మ ఎడమ చేతి పట్టు గురించి ముందు చెప్పాలి. కుడి వైపంతా పడిపోయి, మాట కూడా పోయాక, ఒంట్లో మిగిలిన బలమంతా ఆ చేతిలోకి వచ్చి చేరింది. మణికట్టు దొరికిందంటే వదిలేది కాదు. వ్యాయామం చేయించడానికి వచ్చిన అమ్మాయి గాజులు రెండు ఆ పట్టుకి చిట్లిపోయాయి. ఇది నేను కల్పించింది కాదు. కల్పించినవి తర్వాత వస్తాయి, వచ్చినప్పుడు చెబుతాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నా ఏడో ఏట అమ్మ పోతే, పిల్లలు లేని ఈమె నన్ను హిందూపురం నుంచి బెంగుళూరు తెచ్చుకుని పెంచింది. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు చొక్కాలకు గుండీలు కుట్టింది. నేను పెద్దయి బొమ్మసంద్రలో ఒక కంపెనీ స్టోర్సులో చేరాను. నట్లు, బోల్టులు, బేరింగులు, గ్రీజు డబ్బాలు. రిజిస్టర్లో ఒక్క అబద్ధం రాసేవాణ్ణి కాదు. అవన్నీ క్యాంటీనుకి దాచిపెట్టుకునేవాణ్ణి. హొసూరు రోడ్డు పక్క నీలగిరి తోపులోంచి ఒక చిరుత వచ్చి మా షిఫ్టు బస్సు ఎక్కిందనీ, వెనక సీట్లో బుద్ధిగా కూర్చుని హెబ్బగోడి స్టాపులో దిగిపోయిందనీ ఒకసారి చెప్పాను. కొత్తగా చేరిన ట్రెయినీలు వారం పాటు వెనక సీటు జోలికి పోలేదు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే పెద్దమ్మ చారుకి తిరగమోత పెడుతూనే, "దిగేతప్పుడు తోక తలుపులో ఇరుక్కోలేదేమిరా?" అని అడిగింది. మర్నాటి నుంచి నా కథలో చిరుత తోక తలుపులో ఇరుక్కుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక పొద్దున ఆమె పళ్ళు తోముకుంటూ పంపు దగ్గర కూలబడింది. ఎనిమిది నెలలు ఇంట్లోనే చూసుకున్నాం. నా భార్య బడిలో టీచరు, నేను షిఫ్టుల్లో. పగలు చూసుకోవడానికి పెట్టుకున్న మనుషులు ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. చివరి మనిషి చేతుల్లోంచి పెద్దమ్మ జారి కిందపడి, మేం ఇల్లు చేరేదాకా మంచం పక్కనే నేల మీద ఉండిపోయింది. ఆ వారమే, సర్జాపుర రోడ్డులో ఒక చోటు ఉందని ఎవరో చెబితే తీసుకెళ్ళి చేర్చాం.

నర్సింగ్ హోమ్ అంటే మావాళ్ళకి కాన్పుల ఆసుపత్రి. ఇది అది కాదు. మంచాన పడ్డ ముసలివాళ్ళని ఉంచుకుని నీళ్ళు పోసి, అన్నం పెట్టి, మందులిచ్చే చోటు. అప్పుడప్పుడే అలాంటివి ఊరి చివర మొలుస్తున్నాయి. కొత్త అపార్టుమెంట్ల వెనక, ఇంకా సున్నం వాసన వదలని రెండంతస్తుల ఇల్లు. కింద పొడుగాటి హాల్లో ఎనిమిది మంచాలు, చివర రెండు గదులు. బయట బోర్డు మీద నవ్వుతున్న ముసలి జంట బొమ్మ. లోపల నవ్వే ముసలివాళ్ళు ఒక్కరూ నాకు కనబడలేదు.

ఇంటివాళ్ళు రావడానికి ఆదివారం పొద్దున రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఆ చోటు పెళ్ళివారి విడిదిల్లులా ఉండేది. ముసలమ్మలందరికీ తలంట్లు, మెడల నిండా పౌడరు, జడలో కనకాంబరాలు. ముసలాయనలకి ఇస్త్రీ చొక్కాలు. రెండో ఆదివారమే నాకు ఏదో తేడా కొట్టింది. పెద్దమ్మ జాకెట్టుకి వెనక గుండీలు పెట్టలేదు. ముందు నుంచి చూస్తే మడత నలగని కొత్త జాకెట్టు, వెనక ఉత్త వీపు. కథలు అల్లేవాడికి పక్కవాడి అల్లిక తెలిసిపోతుంది. ఎదురుగా నిలబడేవాడికి ఎంత కనబడాలో అంతే కుట్టారు.

ఆ తర్వాతి బుధవారం మా కంపెనీలో కరెంటు పోయి మధ్యాహ్నమే వదిలేశారు. చెప్పకుండా వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను నిలబెట్టి లోపలికి ఫోను చేశాడు. పదిహేను నిమిషాలు నిలబడ్డాను. లోపల చెప్పులు గబగబా అటూ ఇటూ తిరగడం, బకెట్టు ఈడ్చిన చప్పుడు, ఎవరో "బేగ, బేగ" అని తొందరపెట్టడం వినబడ్డాయి. లోపలికి వెళ్ళేసరికి పెద్దమ్మ మీద శుభ్రమైన దుప్పటి ఉంది. దుప్పటి కింద ఒళ్ళంతా తడిగా ఉంది. కుడి జబ్బ మీద, స్పర్శ లేని వైపు, నాలుగు వేళ్ళ గుర్తులు నీలంగా కమిలి ఉన్నాయి.

అక్కడి పెద్దను అందరూ సిస్టర్ అనేవారు. చేతిలో తాళాల గుత్తి, మెడలో సెల్‌ఫోను. ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. కన్నడం కలిపిన తెలుగు మాట్లాడేది.

"అదేం లేదు సార్. ఏజ్ అయినాక స్కిన్ తుంబా వీక్ ఆగుతది. ముట్టుకుంటే చాలు బ్లూ వచ్చేస్తాది."

"నాలుగు వేళ్ళుగా వస్తాదా?"

"సార్, మీకు ట్రస్ట్ లేదంటే చెప్పండి. వెయిటింగ్ లిస్ట్ ఉండాది," అంది చిరునవ్వుతో.

బయట గ్రానైటు బెంచీ మీద ఒక రిటైరయిన లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆయన భార్యకి జ్ఞాపకం పూర్తిగా పోయింది, ఆయన్ని కూడా గుర్తుపట్టదు. ఎవరితో ఏం పోట్లాడారో గాని, రోజూ రావడానికి ఆయన ఒక్కరికే ఒప్పుకున్నారు. నా ముఖం చూసి ఆయనే పలకరించారు.

"అరిచినావా?"

"ఇంకా లేదు సార్. అరుద్దామనుకుంటాండా."

"వద్దప్పా. నేను ఒక తూరి అరిచినా. రెండు దినాలు నా పెండ్లానికి పళ్ళసెట్టు పెట్టలే. యాడ పెట్టినామో మర్చిపోయినాం సార్ అనిరి. గంజి తాగి పడుకునింది. నువ్వు అరిస్తే నీ ముందర తలకాయ వంచుకుంటారు. నువ్వు గేటు దాటినాక ఆ అరుపంతా ఆమె మీద దించుతారు."

"మరి ఏం చెయ్యాల?"

"నేనైతే దినమూ వస్తా. నీకు కుదరదు. ఒకాయన చీరలు తెచ్చిస్తాడు. ఇంకొకామె కాళ్ళ మీద పడి ఏడుస్తాది. ఎవురికి వచ్చిన విద్య వాళ్ళది."

నాకు వచ్చిన విద్య ఒకటే.

ఆ ఆదివారం వెనక పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్న ఆయా దగ్గరికి వెళ్ళాను. కదిరి వైపు మనిషి. ఆమె నోట్లో పడిన మాట మధ్యాహ్నానికల్లా వంటింటి దాకా పోతుందని నాకు అప్పటికే తెలుసు.

"అక్కా, మా పెద్దమ్మ చెయ్యి పట్టి లాగింది ఎవురో నేను అడగనులే. నువ్వయితే కాదు."

"నేను కాదన్నా, నా బిడ్డల తోడు."

"నువ్వయింటే ఈ పాటికి నీకే తెలిసుండు."

దుప్పటి తీగ మీద సగంలో ఆగింది. "ఏం తెలిసుండు?"

ఇక చెప్పాను. వయసులో ఉన్నప్పుడు ఆషాఢం శుక్రవారాలు పెద్దమ్మ మీదికి అమ్మవారు వచ్చేదని చెప్పాను. నిమ్మకాయలు తెస్తే పళ్ళతో కొరికి ఉమ్మేదని, వేపమండలు లారీలో దించేవారని చెప్పాను. గార్మెంట్స్‌లో ఒక మేస్త్రి కోపం పట్టలేక ఆమె జబ్బ పట్టి లాగాడని, మూడో రోజుకి ఆ మేస్త్రి చెయ్యి గాల్లో అట్లాగే బిగుసుకుపోయిందని, ఇప్పటికీ హొసూరులో వాడు ఎడమ చేత్తో అన్నం తింటున్నాడని చెప్పాను.

నిజమేమిటంటే పెద్దమ్మకి శుక్రవారం బట్టలుతికే రోజు. గుడికి వెళ్తే చెప్పులు ఎవరెత్తుకుపోతారో అని దండం కూడా ఒంటి కన్నుతో పెట్టేది. ఆ మేస్త్రి తుమకూరుకి బదిలీ అయి, పోయేముందు మా ఇంటికొచ్చి రెండు చేతులా పుష్టిగా భోంచేసి వెళ్ళాడు. మూడో రోజు అని ఎందుకన్నానంటే, మూడు అంటే చెవికి బాగుంటుంది. అంతకు మించి కారణం లేదు.

"ఇప్పుడు వస్తాదా అన్నా? మాట లేదు కదా?" అంది ఆయా గొంతు తగ్గించి.

"మాట లేకుంటే ఏమక్కా. చెయ్యి ఉండాది కదా," అన్నాను.

ఆ ముక్క నేను ముందుగా అనుకున్నది కాదు. నాలుక చివర దొరికింది. దొరికిందని ఇంటికెళ్ళే దారంతా సంబరపడ్డాను కూడా.

మందు పనిచేసింది. వారం తిరిగేసరికి పెద్దమ్మ నుదుట కుంకుమ. కిటికీకి వేపమండ. హాల్లో మొదటి కాఫీ ఆమెకే. ఆయాలు ముట్టుకునే ముందు "అవ్వా, తిప్పేదా?" అని అడిగి, మెల్లగా తిప్పేవారు. జాకెట్టుకి వెనక గుండీలు పడ్డాయి. నా భార్యకి అనుమానం వచ్చింది.

"ఏం చెప్పినావు వాళ్ళకి?"

"నేనా? సిస్టర్‌తో గట్టిగా మాట్లాడినా."

"నువ్వు గట్టిగా మాట్లాడింది నేను పెండ్లయినప్పటి నుంచి చూళ్ళేదు," అంది ఆమె.

నెల రోజులకి ఒక ఆదివారం, పక్క మంచం వాళ్ళ కోడలు నా దగ్గరికి వచ్చి, "పాము కథ నిజమేనా?" అని అడిగింది. నేను పాము కథ చెప్పలేదు. గార్మెంట్స్ గోడౌనులో పెద్దమ్మ కాళ్ళ దగ్గర నాగుపాము మూడు దినాలు చుట్టుకుని పడుకుందట. ఎవరు కలిపారో తెలియదు. నా కథకి ఇంకెవరో కాళ్ళు చేతులు పెడుతున్నారు. మొదటిసారి అది నాకు బాగనిపించలేదు. అయినా "ఆ, అట్లే అంటారు" అన్నాను. లేదు అనడం ఒక్క క్షణం పని. నోరు రాలేదు.

తర్వాత పది రోజులకి, టీవీ దగ్గరికి చక్రాల కుర్చీలో తీసుకెళ్తుంటే, పెద్దమ్మ దారిలో ఒక మంచం మీది అవ్వ మణికట్టు పట్టుకుంది. ఆ అవ్వకి తొంభై దాటాయి, నెల నుంచి మెతుకు లోపలికి పోవడం లేదు. పెద్దమ్మ వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చిందట. మూడో రోజు పొద్దున ఆ అవ్వ పోయింది.

నాకు ఈ సంగతి చెప్పింది మాస్టారు. ఈసారి బెంచీ మీద నాకు చోటివ్వడానికి పక్కకి జరగలేదు.

"ఏం కత చెప్పినావప్పా నువ్వు ఈడ?"

"చిన్నదే సార్. బాగా చూసుకుంటారని."

"వాళ్ళు ఆమె ఎడం పక్కకి పోవడం మానేసినారు. నిన్న స్పూను కట్టెకి కట్టి అన్నం పెడతాండిరి. నేను చూసినా. పోయి చెప్పు, అబద్ధమని."

చెప్పాలనే లోపలికి వెళ్ళాను. ఆయాలు నన్ను చూసి లేచి నిలబడ్డారు. నా జీవితంలో ఎవరూ నాకోసం లేచి నిలబడలేదు. వచ్చే ఆదివారం చెబుదాంలే అనుకుని తిరిగొచ్చాను.

వచ్చే ఆదివారం కుదరలేదు. ఆ తర్వాతదీ, దాని తర్వాతదీ కుదరలేదు. స్టోర్సులో సరుకు లెక్క తేల్చే పని పడింది, సెలవు లేదు. నా భార్య పరీక్షల పేపర్లు దిద్దడానికి వేరే ఊరు వెళ్ళింది. మాస్టారి నంబరు నా దగ్గర లేదు, నాది ఆయన దగ్గర లేదు. రెండు రోజులకోసారి అక్కడికి ఫోను చేసేవాణ్ణి.

"ఫస్ట్ క్లాస్ ఉండారు సార్," అనేది సిస్టర్. "స్పెషల్ రూముకి మార్చినాం. ఎక్స్‌ట్రా ఏం లేదు. మీరు నిదానంగా రండి."

నిదానంగా రండి అన్న మాటకి నేను ఆ పూటే బస్సెక్కాల్సింది. ఫోను పెట్టేసి బేరింగులు లెక్కపెట్టుకున్నాను.

నాలుగో వారం వెళ్ళాను. హాలు చివర, రెండు గదుల్లో మూలనున్నది పెద్దమ్మకి ఇచ్చారు. తలుపు దగ్గరే పళ్ళెంలో అరటిపళ్ళు, కొట్టిన కొబ్బరికాయ, తడి కుంకుమ. గడపకి పసుపు. లోపల అగరొత్తులు గుత్తులు గుత్తులుగా వెలుగుతున్నాయి. పొగలో మంచం సరిగా కనబడలేదు. రెండడుగులు వేశాక అగరొత్తుల వాసన కింద ఇంకో వాసన తగిలింది. ఫ్రిజ్ చెడిపోయి రెండు రోజులు మూసి ఉంచితే, తెరిచినప్పుడు ముఖాన కొట్టే వాసన.

పెద్దమ్మ వెల్లకిలా ఉంది. ముఖం సగానికి సగం అయింది. నుదుటి మీద రూపాయంత కుంకుమ, ఎండి పెచ్చులు కట్టింది. మంచం కాళ్ళ వైపు గోడకి చార్టు వేలాడుతోంది. మంచాన పడ్డవాళ్ళని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎడమ, వెల్లకిల, కుడి అని ఎవరు మార్చితే వాళ్ళు సంతకం పెట్టాలి. నేను వెళ్ళింది పొద్దున పదిన్నరకి. చార్టులో సాయంత్రం ఆరు దాకా సంతకాలు ఉన్నాయి. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేత్తో.

"పెద్దమ్మా," అన్నాను.

కళ్ళు తెరిచింది. ఎడమ చెయ్యి దుప్పట్లోంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు అలాగే ఉంది. కాని ఈసారి పట్టుకుని ఊరుకోలేదు. లాగింది. తన నడుము కిందికి, పరుపుకీ ఒంటికీ మధ్యకి నా చేతిని తీసుకెళ్ళి అక్కడ పెట్టింది. చేతికి తడి తగిలింది.

అరచెయ్యి పట్టేంత పుండు. దాని లోతు గురించి రాయను. ఇన్నేళ్ళలో ఎన్నో అబద్ధాలకి కొలతలు పెంచి చెప్పాను. దీనికి తగ్గించి చెప్పాలని ఉంది, చేత కావడం లేదు.

ఆ అవ్వ మణికట్టు పట్టుకున్నప్పుడు కూడా పెద్దమ్మ అడిగింది ఇదేనని అప్పుడు అర్థమైంది. నొప్పెడుతోంది, పక్కకి తిప్పండి అని. దారిన పోయే ఎవరు దొరికితే వాళ్ళని.

బయటికొచ్చి కేకేశాను. నలుగురు ఆయాలు వచ్చారు. గడప దగ్గర ఆగిపోయారు.

"రండి, పట్టండి. పక్కకి తిప్పాల."

ఎవరూ కదల్లేదు. కదిరి ఆయా చేతులు కట్టుకుంది. "మేము ముట్టం అన్నా. తప్పు మన్నించమని దినమూ దండం పెట్టుకుంటాండాము. పొద్దున సాయంత్రం కర్పూరం ఇస్తాండాము."

"అక్కా, అదంతా అబద్ధం. నేను కల్పించిన కత. అమ్మవారూ లేదు, ఏమీ లేదు. ఈమె చొక్కాలకి గుండీలు కుట్టిన మనిషి."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయా నా వైపు జాలిగా చూసింది.

"ఇంట్లోవాళ్ళు అట్లే అంటారన్నా. అమ్మ వచ్చినోళ్ళని బయటికి చెప్పుకోరు. మా ఊర్లో కూడా అంతే."

"నేనే కదా నీకు చెప్పింది!"

"ఆ పొద్దు అమ్మ చెప్పించిండాది నీతో."

ఒళ్ళు మండిపోయి, ఇంకో దారి పట్టాను. "సరే. అయితే విను. నిన్న అమ్మ నా కల్లోకి వచ్చింది. నన్ను ముట్టి సేవ చేసినోళ్ళకి మంచి జరుగుతాదని చెప్పింది."

కట్టుకున్న చేతులు విప్పకుండానే ఆయా అడిగింది. "ఇప్పుడే కదా అన్నా అమ్మ లేదంటివి?"

కథ చెప్పబోయి నోరు మూసుకోవడం నాకు అదే మొదలు.

సిస్టర్ వచ్చింది. గదిలోకి ఆమె కూడా రాలేదు. ఆమెకు అమ్మవారి మీద నమ్మకం ఉందని నేననుకోను. బయటే నిలబడి తాళాలు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ మాట్లాడింది.

"సార్, స్టాఫ్ సెంటిమెంట్. నేనేం చేసేది? మీరే స్టార్ట్ చేసింది కదా."

"ఇది పుండు. కనబడతాందా మీకు? ఆసుపత్రికి తీసుకపోతా ఇప్పుడే."

"ఈవొత్తు సండే సార్. డాక్టర్ సైన్ లేకుండా డిశ్చార్జ్ ఆగల్ల, కుదరదు. ట్యూస్‌డే వస్తారు." గొంతు ఇంకా తగ్గించింది. "ఇంకోటి చెప్తా, కోపం వద్దు. ఆమె ఈడ ఉంటే అందరికీ మంచిది. బయట నుంచి కూడా జనం వచ్చి నమస్కారం చేసుకుని పోతాండారు. పేషెంట్లు సైలెంట్‌గా ఉంటారు. గలాటా చేస్తే మూలగదికి పంపిస్తామంటే చాలు."

ఆ మాట ఆమె ఎంతో మామూలుగా అంది. అప్పుడు హాల్లోకి చూశాను. మంచాల మీదివాళ్ళందరూ మేలుకునే ఉన్నారు. ఎవరూ దగ్గడం లేదు. ఎవరూ ఏదీ అడగడం లేదు. అందరూ ఈ గది తలుపు వైపే చూస్తున్నారు.

సర్జాపుర రోడ్డు దాకా పరిగెత్తి టాక్సీ స్టాండులో ఒక ఆమ్నీ వ్యాను మాట్లాడుకొచ్చాను. స్ట్రెచర్ అడిగితే పైన తాళంలో ఉందన్నారు. దుప్పటిలోనే ఎత్తుదామనుకున్నాం. ఒక కొస నేను, ఒక కొస వ్యాను డ్రైవరు. మూడో కొస, డెబ్బై ఏళ్ళ మాస్టారు వద్దన్నా వినకుండా పట్టుకున్నారు.

"నాలుగో కొస పట్టండక్కా," అన్నాను. "ఆమెను ముట్టుకోనక్కర్లేదు. గుడ్డ పట్టుకుంటే చాలు."

ఆయాలు వరసగా గోడకి ఆనుకుని నిలబడి దండం పెట్టారు. ఒకామె కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. ఇంకొకామె కర్పూరం వెలిగించి తెచ్చింది. నాలుగో కొస నేల మీద ఈడ్చుకుంటూ, మా ముగ్గురి మధ్య పెద్దమ్మ ఒక పక్కకి ఒరిగిపోతూ ఉండగా, హాలంతా దాటించాం.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు పుండు చూసి గ్లవ్సు విప్పాడు. తర్వాత కాగితం తీశాడు.

"ఎన్ని రోజులుగా పక్క మార్చలేదు?"

"తెలీదు. మూడు వారాలు ఉండచ్చు."

"చూసుకునేవాళ్ళు లేరా?"

"ఉన్నారు. దగ్గరికి పోలేదు."

"ఎందుకు?"

చెప్పాను. వేపమండల లారీ దగ్గర్నుంచి మొత్తం. ఆయన రాయడం ఆపి నా ముఖంలోకి చూశాడు. నేను చెప్పిన కథల్లో ఒక్క మాట కూడా కలపకుండా చెప్పింది అదొక్కటే. అది అన్నిటికన్నా నమ్మలేనట్టుగా ఉంది.

నా భార్య ఊరి నుంచి వచ్చాక ఆమెకీ చెప్పాను. ఆమె అరవలేదు. గాజుగుడ్డ కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అంది: "నీ కతలు బస్సులో చెప్పుకో, క్యాంటీన్లో చెప్పుకో, నాకూ చెప్పు, వింటా. ఆమె ఒంటి మీద పెట్టి చెప్పినావే."

పెద్దమ్మను ఇంటికే తెచ్చుకున్నాం. నేను రాత్రి షిఫ్టుకి మార్పించుకుని పగలు చూసుకున్నాను, రాత్రి నా భార్య. రెండు గంటలకోసారి, ఎడమ, వెల్లకిల, కుడి. చార్టు పెట్టలేదు. వెల్లకిల అంటే కూడా నడుము కింద దిండ్లు పెట్టి, పుండు ఆనకుండా. ఎట్లా తిప్పాలో మాస్టారు వచ్చి చూపించారు. ఒక అరచెయ్యి భుజం వెనక, ఇంకోటి తుంటి వెనక, లాగకూడదు, దొర్లించాలి. పుండు చిన్నదవుతూ వచ్చింది గాని పూర్తిగా మానలేదు. ఆమె ఇంకో ఏడాదిన్నర బతికింది. ఆ ఏడాదిన్నరలో నా మణికట్టు ఎన్నిసార్లు పట్టుకుందో. ఒక్కసారి కూడా ఆమె ముఖంలోకి నేరుగా చూడలేకపోయాను.

ఇంటికి తెచ్చిన రెండు నెలలకి మాస్టారు ఫోను చేశారు. ఆయన భార్యని ఇంకో చోటికి మార్చేశారు, మార్చే రోజున చూసిన సంగతి అది.

"ఆ మూలగదిలో ఇంకొకామెను పెట్టినారప్పా. ఈమెకూ మాట లేదు. ఈమె మీదికి కూడా వస్తాదంట."

"ఎవురు చెప్పినారు? ఆమె ఇంటోళ్ళా?"

"ఎవురూ చెప్పలే. ఆ గదిలో పెట్టినారు కాబట్టి వస్తాది."

ఆ ఆదివారం నా భార్యను పెద్దమ్మ దగ్గర ఉంచి వెళ్ళాను. వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి దండం పెట్టాడు. మూలగది ముందు చెప్పులు పదో పన్నెండో జతలు వరసగా విడిచి ఉన్నాయి. దండం పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళు హాలు గోడ వెంబడి కూర్చుని ఉన్నారు. ఆపిల్ పళ్ళ సంచితో, కంపెనీ బ్యాడ్జీ మెళ్ళో వేసుకున్న ఒక అమ్మాయి నిలబడి ఉంది. వరంగల్ వైపు యాస. లోపలున్నది వాళ్ళమ్మ.

"మస్తు బాగ చూస్కుంటున్నరు అంకుల్. మా అమ్మకి సెపరేట్ రూమ్ ఇచ్చిన్రు. అందరు వచ్చి దండం పెడ్తున్నరు. నేనైతే షాక్."

"అమ్మ వీపు చూసి ఎన్నాళ్ళయిందమ్మా?"

"వీపా?" నవ్వింది. "అమ్మ పండుకుని ఉంటది అంకుల్. డిస్టర్బ్ చెయ్యొద్దన్నరు."

ఎప్పుడొచ్చిందో, సిస్టర్ నా వెనకే ఉంది. "ఈ సార్ కతలు తుంబా చెన్నాగి చెప్తారు మేడమ్. ఈడ అందరికీ తెలుసు. ఈ రూమ్ కత కూడా వీరు చెప్పిందే."

అమ్మాయి నా వైపు చూసింది. నిజమా అన్నట్టు.

"నిజమేనమ్మా," అన్నాను. "నా మాట నమ్మాల్సిన పని లేదు. నువ్వే లోపలికి పోయి, పక్కకి తిప్పి చూడు. అంతే."

"మేడమ్, ఆయాను పిలుస్తా, ఆగండి," అంది సిస్టర్.

పిలిచింది. రెండుసార్లు పిలిచింది. హాల్లో ఆయాలు నలుగురూ ఉన్నారు. ఒక్కరూ రాలేదు. ఆ అమ్మాయి వాళ్ళ వైపు చూసింది, పొగ నిండిన గదిలోకి చూసింది, పళ్ళ సంచి నేల మీద పెట్టింది. లోపలికి వెళ్ళింది. దుప్పటి తీసిన చప్పుడు, మంచం కిర్రుమన్న చప్పుడు వినబడ్డాయి.

"అంకుల్," అని పిలిచింది లోపలి నుంచి. గొంతు మారిపోయింది. "ఒక్కదాన్ని తిప్పలేకపోతున్న. జర రండి."

చెప్పులు విడవకుండానే లోపలికి వెళ్ళాను.